వెనక కుట్టు

కోటు కాలరు మీద పంది కొవ్వు మరక పడితే నీళ్ళు తగలనివ్వకూడదు. ముందు బియ్యప్పిండి చల్లి, అది కొవ్వంతా పీల్చుకునేదాకా వదిలేయాలి. తర్వాత మెత్తటి బ్రష్షుతో దులిపి, పైన పాత న్యూస్‌పేపరు పరిచి, ఇస్త్రీపెట్టె ఆనీ ఆననట్టు నడిపించాలి. ఈ విద్య నాకెవరూ నేర్పలేదు. మా ఆయన బోనార్‌కి తొడుక్కునే కోట్లు ఏడున్నాయి. మా బతాక్ వాళ్ళలో మగాడు కోటు లేకుండా పెళ్ళికి పోడు, చావుకి పోడు, ఏళ్ళ తర్వాత పెద్దల ఎముకలు తవ్వి తీసి మళ్ళీ పూడ్చే పండక్కీ పోడు. భుజం మీద ఉలోస్ శాలువా పడాలంటే దాని కింద కోటుండాలి. శనివారం విందుకి వెళ్ళి, చేత్తో పంది మాంసం తిని, అదే చేత్తో కాలరు సర్దుకుని, సాయంత్రం ఇంటికొచ్చి కోటు విప్పి కుర్చీ మీద పారేస్తాడు. ఆదివారం చర్చి నుంచి రాగానే నేను బియ్యప్పిండి డబ్బా తీస్తాను. పెళ్ళయినప్పటి నుంచీ ఇదే వరస. ఆయన లావెక్కినప్పుడల్లా కోటు వెనక నడిమి కుట్టు విప్పి, లోపల మడిచి దాచిన గుడ్డ వదిలి, మళ్ళీ కుట్టిందీ నేనే. ఊళ్ళో అందరూ "బోనార్ కోటు వేస్తే దొరలా ఉంటాడు" అంటారు. ఆ దొరతనం ఎవరి వేళ్ళలోంచి వచ్చిందో ఎవరికీ తోచదు. ఆయనకి అసలే తోచదు.

నాకు మాత్రం కోటు లేదు. జిల్లా భూముల ఆఫీసులో నేను సర్వేయరుని. పేరు లస్మారియా, కానీ ఇంట్లో ఆ పేరు పలికేవాళ్ళు లేరు. పెద్దాడు తుంపాల్ పుట్టిన రోజు నుంచీ నేను తుంపాల్ అమ్మని. మూడు కాళ్ళ స్టాండు కుడి భుజాన వేసుకుని మా సరస్సు చుట్టూ ఉన్న కొండలన్నీ ఎక్కి దిగాను. ఊళ్ళో ఏ అన్నదమ్ములు విడిపోయినా టేపు పట్టుకోవడానికి నన్నే పిలుస్తారు, ఎవరికీ ఒక జానెడు ఎక్కువ రాయదని నాకు పేరు. మా నాన్న పోయాక ఆయన పొలం మా అన్నలు ముగ్గురికీ కొలిచి పంచిందీ నేనే. మాలో ఆడపిల్లకి భూమి రాదు. ముగ్గురూ గట్టు మీద నిలబడి "కరెక్టుగా కొలువమ్మా, రేపు గొడవలొద్దు" అన్నారు. కరెక్టుగానే కొలిచాను. కొలిచి, వాళ్ళకి అన్నం వండిపెట్టి, గిన్నెలు తోమి వచ్చాను. పుట్టింటి విందుల్లో ఆడపడుచు వంటింట్లో ఉండాలి, అది మా బతాక్ ఆచారం. అత్తింటి విందుల్లో కోడలు వంటింట్లో ఉండాలి, అది లోకమంతటి ఆచారం. నేను కూర్చుని తిన్న విందు ఏదో ఎంత ఆలోచించినా గుర్తు రాదు.

ఆఫీసు పని మీద అంతకు ముందు రెండుసార్లు కోటు వేసుకోవాల్సి వచ్చింది. రెండుసార్లూ మా ఆడపడుచు రుమిందా వదినదే తెచ్చుకున్నాను. ఆమె నాకు రెండింతలు. వీపు వెనక గుడ్డంతా మడిచి వరసగా పిన్నీసులు గుచ్చుకుని వెళ్ళేదాన్ని. రెండోసారి మా రాష్ట్ర రాజధాని మెదాన్‌లో పెద్ద సమావేశం, నేను నిలబడి కొండ వాలు భూముల కొలతల గురించి చెప్పాలి. చెయ్యెత్తి పటం చూపించగానే ఒక పిన్నీసు తెరుచుకుని వీపులో దిగింది. కోటు ఒక్కసారి గోనెసంచిలా ముందుకు జారింది. ముందు వరసలో ఒకాయన "మేడమ్, ఆ కోటు మీదేనా, మీ ఆయన ఇంకా అందులోనే ఉన్నాడా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వి మిగతాదంతా చెప్పి కూర్చున్నాను. ఇంటికొచ్చి చూస్తే లోపలి చొక్కాకి రక్తపు చుక్క ఎండి ఉంది. ఏం చెప్పానో ఆ సమావేశంలో ఒక్కరికీ గుర్తుండదు, కోటు మాత్రం గుర్తుంటుంది.

ఈ ఏడు సర్వే విభాగానికి అధికారిగా నా పేరు వచ్చింది. వచ్చే నెల ఒక సోమవారం ప్రమాణ స్వీకారం, మెదాన్ నుంచి పెద్ద అధికారి వస్తాడు, ప్రమాణం చేసేవాళ్ళు ఆడా మగా అందరూ ముదురు రంగు సూటులో రావాలి. ఆ మాట రాత్రి భోజనాల దగ్గర చెప్పాను. అధికారి అన్న మాట ఎవరికీ వినపడలేదు. సూటు అన్న మాట మాత్రం అందరికీ వినపడింది.

"కోటా? నీకా?" అంది మా అత్తయ్య, చేప ముల్లు తీసుకుంటూ. "కోటుకి భుజాలుండాలే తుంపాల్ అమ్మా. నీకున్నవి చేతులు."

పక్క గదిలో మంచం మీద నుంచి మామగారు వింటున్నాడు. రెండేళ్ళుగా ఆయన ఆ మంచం దిగలేదు. చెవులు మాత్రం వీధిలో ఉంటాయి. "ఆడది అధికారి అయిందంటే ఆఫీసులో మగాళ్ళు కరువయ్యారని అర్థం" అన్నాడు అక్కడి నుంచే. అరగంట క్రితమే ఆయన్ని ఎత్తి కూర్చోబెట్టి, నడుం కింద తడిబట్ట మార్చి, వీపుకి పౌడరు రాసి వచ్చాను.

"అక్క కోటుందిగా," అన్నాడు బోనార్. "ఒక్క పూట కోసం కొత్తది దేనికి? ఆ డబ్బు పెడితే ఒక పంది వస్తుంది."

"పంది ప్రమాణం చెయ్యదు కదండీ" అన్నాను.

వెనకింట్లో ఉండే మా తోడికోడలు సొందాంగ్ గ్లాసు అడ్డం పెట్టుకుని నవ్వుకుంది. బోనార్ నవ్వలేదు. ఇంకో చేప ముక్క వేసుకున్నాడు.

పక్క పట్నం సియాంతార్‌లో ఆ సెంగ్ అనే చీనా ముసలాయన దుకాణం ఉంది. మా ఆయన కోట్లన్నీ ఆయన కుట్టినవే. ఆడవాళ్ళు కెబాయా జాకెట్లు కుట్టేవాళ్ళ దగ్గరికి వెళ్తారు, ఆ సెంగ్ గుమ్మం ఎక్కరు. బోనార్‌కి నేను వెళ్ళిన రోజే సియాంతార్‌లో పనుండి నాతో వచ్చాడు. రావడమే నా ఖర్మ. ముసలాయన టేపు మెడలో వేసుకుని లేచి, నేరుగా ఆయన దగ్గరికి వెళ్ళి "ఏ రంగు సార్ ఈసారి?" అన్నాడు.

"నాకు కాదు, ఆమెకి" అన్నాడు బోనార్, దోమ కుట్టినవాడిలా.

"ఆడవాళ్ళకి నేను కుట్టనమ్మా. ఆ ఒంపులూ సొంపులూ నాకు తెలీవు. నాకొచ్చింది మగ కోటొక్కటే."

"మగ కోటే కుట్టండి, నా ఒంటికి కుట్టండి" అన్నాను. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకూ తెలీదు.

ఆయన కొలతలు తీసుకున్నాడు. ఊరందరి పొలాలూ కొలిచిన నాకు, నా భుజం ఈ చివర నుంచి ఆ చివరకి ఎంతో అప్పటిదాకా తెలీదు. కుడి భుజం దగ్గర టేపు ఆపి ఆయన "ఇటు దిగిపోయిందే" అన్నాడు. స్టాండు మోసిన భుజం కదా. "రెండు వైపులా ఒకటే దూది పెడితే కోటు ఒరుగుతుంది. కుడివైపు ఎక్కువ పెడతా" అన్నాడు. ఆ తర్వాత వెనక కుట్టులో ఎంత గుడ్డ దాచమంటావని అడిగాడు. మగాళ్ళకి నాలుగు వేళ్ళ వెడల్పు దాస్తాడట, పొట్ట పెరుగుతుంది కాబట్టి. నేను నోరు తెరిచేలోపు బోనార్ "ఆమెకెందుకు, ఇంకెన్నిసార్లు వేసుకుంటుంది గనక" అన్నాడు. "నాకూ నాలుగు వేళ్ళే దాచండి" అన్నాను.

కోటు తెచ్చుకోవడానికి ఒక్కదాన్నే వెళ్ళాను. ఆ సెంగ్ వెనక నిలబడి కోటు పట్టుకుంటే చేతులు దూర్చాను. అది నా మీదికి వచ్చి ఆగింది. ఎక్కడా పట్టలేదు, ఎక్కడా జారలేదు. చెయ్యి పైకెత్తాను, దించాను. వీపు మీద ఒక అరచెయ్యి ఆనించి "నిలబడు" అని ఎవరో అంటున్నట్టు ఉంది. అద్దంలో భుజాలు రెండూ ఒక్క ఎత్తులో ఉన్నాయి. పెళ్ళికూతురిగా అలంకరించినప్పుడు కూడా నన్ను నేను అంతసేపు చూసుకోలేదు. ఏడుపొస్తుందేమో అనుకున్నాను, రాలేదు. కోపం వచ్చింది. అంటే మగాళ్ళు రోజూ ఇలా ఉంటున్నారన్నమాట. పొద్దున్నే ఇలాంటిది తొడుక్కుని, చేతులు రెండూ ఖాళీగా పెట్టుకుని, లోకం తమ కొలతలకే కుట్టినట్టు వీధిలోకి వెళ్తున్నారన్నమాట. ఇన్నేళ్ళు నేను వీటి మరకలు తుడిచాను గానీ ఇందులో ఏముందో నాకు తెలియనే తెలియదు.

గుండీలు పెట్టుకోబోతే అప్పుడు తెలిసింది, ముసలాయన గుండీలు మగవాళ్ళ వైపు కుట్టేశాడు. అదేమిటని అడిగితే "చెప్పా కదమ్మా, చెయ్యి అలా పడిపోయింది. కాజాలు కోసేశాను, ఇక మార్చలేను. ఎవరు చూస్తారు?" అన్నాడు. నిజమే, ఎవరు చూస్తారు అనుకున్నాను. ఆ గుండీలే నా కొంప ముంచుతాయని అప్పుడు తెలీదు.

ఆ సోమవారానికి ఇంకా ఐదు రోజులుండగా, బుధవారం సాయంత్రం మామగారు పోయాడు. నేను ఆయనకి జావ తాగిస్తున్నాను. చెంచా పళ్ళ మధ్య ఉండగానే చూపు ఆగిపోయింది. కొడుకులూ కూతుళ్ళూ అందరి పెళ్ళిళ్ళూ అయి, మనవలు పుట్టి, నిండుగా వెళ్ళిన చావు. మాలో అలాంటి చావుకి ఏడుపు కన్నా బాజాలు ఎక్కువ. దున్నపోతుని కోస్తారు, బంధువర్గాలన్నీ వరసలు కట్టి వస్తాయి, శనివారం దాకా శవాన్ని పెట్టెలో పెట్టి ముందు గదిలో ఉంచుతారు. మామగారి మేనమామల వంశంవాళ్ళు వచ్చి శవం మీద ఉలోస్ కప్పాలి. వాళ్ళ ముందు పెద్దాయన దర్జాగా కనపడాలి. ఇంటి పరువంతా ఆ పడుకున్న మనిషి మీదే ఉంటుంది.

ఆచారం ప్రకారం వంట ఆడపడుచుల వాళ్ళు చూసుకోవాలి. కానీ వాళ్ళకి ఉప్పెక్కడుందో, పెద్ద డేగిసా ఎక్కడుందో, మిరియాలు ఎక్కడున్నాయో చూపించాల్సింది కోడలే. నేను వంటింట్లో ఉన్నాను. శవం పాడవకుండా మందు ఇంజక్షన్ చేయడానికి వచ్చినాయన పని ముగించి, బట్టలు తెమ్మన్నాడు. మామగారి సొంత కోటు తీశారు. రెండేళ్ళ జబ్బు ఆయన్ని చెరుకు పిప్పిలా చేసింది. ఆ కోటు ఆయన ఛాతీ మీద పరిస్తే దిష్టిబొమ్మకి తొడిగినట్టుందని వదిన ఏడ్చిందట. ఆ తర్వాత ఏం జరిగిందో నాకు తెలీదు. కాఫీ పళ్ళెంతో గదిలోకి వచ్చేసరికి నా కొత్త కోటు శవం పక్కన పరిచి ఉంది. ఆ సెంగ్ వేసిన కవరు కింద పడి ఉంది. నా బీరువా తాళం బోనార్ చేతిలో ఉంది.

"అది నాది" అన్నాను.

"తెలుసు," అన్నాడు బోనార్. "నల్లదే. కొత్తది. గుండీలు కూడా మగవాళ్ళ వైపే ఉన్నాయి. ఎవరికీ తెలీదు."

"నువ్వే కదా ఆ మధ్య అన్నావు," అంది రుమిందా వదిన, ముక్కు తుడుచుకుంటూ, "నాన్న భుజాలూ నీ భుజాలూ ఒకటయ్యాయని."

అన్నాను. ఒళ్ళు తుడిచి చొక్కా తొడిగిన ఒక రోజు, జాలేసి అన్నాను. జాలిపడి అన్న మాటని కూడా దాచిపెట్టుకుని, అవసరానికి తీసి వాడతారు మా ఇంట్లో.

"మామయ్య కోటే వేద్దాం. వెనక గుడ్డ మడిచి పిన్నీసులు పెడితే ముందు నుంచి సరిగ్గానే ఉంటుంది, నేను పెడతాను" అన్నాను.

"పిన్నీసులా?" అత్తయ్య గొంతు లేచింది. "ఇంటి పెద్దకి, పిన్నీసులు గుచ్చిన కోటా? అరువు కోటు వేసుకొచ్చినవాడిలా పంపిస్తావా ఆయన్ని? ఆయనేమన్నా దిక్కులేనివాడా?"

"మరి సోమవారం నేను?"

గదిలో ఉన్నవాళ్ళంతా నా వైపు చూశారు, నేనేదో బూతు అన్నట్టు. బోనార్ గొంతు తగ్గించి, బయటివాళ్ళ ముందు వాడే మెత్తని గొంతుతో అన్నాడు: "ఇలాంటప్పుడు కూడా నీ కుర్చీ గొడవేనా? అక్క కోటుంది. నువ్వు పిన్నీసులకి అలవాటు పడ్డదానివే కదా."

ఇంజక్షన్ ఆయనకి ఇవేవీ పట్టలేదు. "ఒళ్ళు బిగిసిపోయిందండి. చేతులు వెనక్కి రావు. కోటు వెనక కింద నుంచి కోసెయ్యాలి. కత్తెర ఇవ్వండి" అన్నాడు. ఎవరో కత్తెర అందించారు. అది నా కుట్టు డబ్బాలో కత్తెరే. నా కోటుని బోర్లా తిప్పి, ఆయన కత్తెర నోరు తెరిచాడు.

"కొయ్యొద్దు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది, చాలా నెమ్మదిగా ఉంది. "నడిమి కుట్టు విప్పితే చాలు. కాలరు ముట్టుకోనక్కర్లేదు, తల కాస్త ఎత్తి మెడ కింద నుంచి దాటించొచ్చు. ఇటివ్వండి, నేను విప్పుతాను."

కింద కూర్చుని కోటు ఒళ్ళో పెట్టుకున్నాను. లోపలి లైనింగు ముందు, పైగుడ్డ తర్వాత. సూది మొనతో ఒక్కో కుట్టూ లేపి, దారం లాగి, గుడ్డకి గీత కూడా పడకుండా విప్పాను. నాలుగు వేళ్ళ గుడ్డ లోపల భద్రంగా ఉంది. చుట్టూ ఉన్నవాళ్ళు చూస్తున్నారు. అత్తయ్య వచ్చినవాళ్ళతో అంది: "చూశారా నా కోడల్ని. తన కోటు తనే విప్పి ఇస్తోంది. మామగారంటే అంత ప్రాణం." నేను తల ఎత్తలేదు. కోసిన గుడ్డ అతకదు, విప్పిన కుట్టు మళ్ళీ కుట్టుకోవచ్చు. ఇరవై ఏళ్ళకు పైగా మా ఆయన పొట్ట నాకు నేర్పిన సంగతి అది.

గురువారం, శుక్రవారం పెట్టె పక్కనే నిలబడ్డాను. కోడళ్ళ వరసలో భుజాన ఉలోస్ వేసుకుని, బాజా మోగినప్పుడు చేతులు జోడించి లయగా కదులుతూ, బాజా ఆగినప్పుడు కాఫీలు అందిస్తూ. వచ్చిన ప్రతివాళ్ళూ పెట్టెలోకి వంగి చూసి "ఎంత బాగా కుదిరింది కోటు. బతికున్నప్పుడు కూడా ఇంత దర్జాగా లేడు" అన్నారు. కుదరలేదు. అది నాకొక్కదానికే తెలుసు. ఆయనకి దిగిన భుజం లేదు, కుడివైపు దూది పైకి లేచి ఉంది. నా భుజం ఆకారం ఆయన మీద మొటిమలా నిలబడి ఉంది, ఒక్కరికీ కనపడలేదు. శుక్రవారం మా ఆఫీసు పెద్ద ఫోన్ చేశాడు. సానుభూతి రెండు ముక్కల్లో చెప్పి, "సోమవారం రాలేకపోయినా పర్వాలేదు మేడమ్, సిలాబన్‌ని ప్రమాణం చేయించేస్తాం, మీకు మళ్ళీ ఎప్పుడైనా చూద్దాం" అన్నాడు. సిలాబన్ నా కన్నా ఎనిమిదేళ్ళు చిన్నవాడు, స్టాండు మొయ్యడానికి మనిషిని వెంటేసుకు తిరుగుతాడు. వస్తానని చెప్పాను. ఫోన్ పెట్టేసరికి బోనార్ వెనకే ఉన్నాడు. "రానని చెప్పొచ్చుగా. నాన్న పోయి వారం కూడా కాలేదు, జనం ఏమనుకుంటారు?" అన్నాడు. నేను కాఫీ గిన్నె దించడానికి వెళ్ళాను. ఆ సాయంత్రమే, అందరూ ప్రార్థనలో ఉండగా, మామగారి పాత కోటు వెనక కుట్టు కూడా విప్పి మడిచి బీరువాలో పెట్టాను.

శనివారం ఉదయం పెట్టెని ముంగిట్లోకి మోసుకెళ్ళాలి. అంతకు ముందు అత్తయ్యని ఆమె పుట్టింటివాళ్ళు బయటికి తీసుకెళ్ళారు, వితంతు శాలువా కప్పడానికి. అది చూడటానికి ఇల్లంతా బయటికి వెళ్ళింది. మగాళ్ళు అప్పటికే దున్నపోతు తల ఎవరికి, పక్కటెముకలు ఎవరికి, తోక ఎవరికి అని వాటాల వాదనలో ఉన్నారు. ఆ వాదన మొదలైందంటే వాన పడినా ఆగదు. వెళ్తూ వెళ్తూ రుమిందా వదిన గుమ్మంలో ఆగి, "కోడళ్ళిద్దరూ నాన్న మొహం తుడిచి బట్టలు సర్దండి, ఇప్పుడే మోసేవాళ్ళు వస్తారు" అని చెప్పి పోయింది.

గదిలో నేను, సొందాంగ్, పెట్టెలో ఆయన. తడిబట్టతో మొహం తుడిచాను. తర్వాత కప్పిన ఉలోస్‌ని నడుం దాకా మడిచి, నా కోటు గుండీ మొదటిది విప్పాను. సొందాంగ్ నా చేతుల వైపు చూసింది, తర్వాత నా మొహం వైపు చూసింది. ఈ ఇంట్లో ఆ పిల్ల పదిహేనేళ్ళుగా నా పక్కన కూర్చుని అంట్లు తోముతోంది. వెళ్ళి తలుపు మూసి, తిరిగి వచ్చి, చాలా మామూలుగా అడిగింది.

"తల నేను ఎత్తనా అక్కా?"

"ఎత్తు."

మందు వాసనకి కళ్ళు మండాయి. భయం వేసింది, లేదని చెప్పను. ఆ చేతులు నాకు తెలిసిన చేతులే, రెండేళ్ళు సబ్బు రుద్దిన చేతులు, ఒక్కసారి కూడా నన్ను దీవించడానికి లేవని చేతులు. ఒక స్లీవు లాగాను, రెండోది లాగాను. నాది నాకు వచ్చింది. బీరువాలోంచి ఆయన నల్లకోటు తీసి ఆయనకి వేశాం. పక్కల మిగిలిన గుడ్డంతా వీపు కిందికి మడిచి, రుమిందా వదిన కోటుకి గుచ్చుకునే నా పిన్నీసులే వరసగా గుచ్చాను. ఉలోస్ ఛాతీ దాకా లాగి సరిచేశాను. నా కోటు సొందాంగ్ తన శాలువాలో చుట్టుకుని, కాఫీ గిన్నెలు తీసుకెళ్తున్నట్టు పెరటి దారిన వాళ్ళింటికి వెళ్ళిపోయింది.

పెట్టె ముంగిట్లో దించగానే రుమిందా వదిన మీద పడి ఏడ్చింది. "నాన్నా, ఎంత దర్జాగా వెళ్తున్నావు నాన్నా, ఆ కోటు నీకోసమే కుట్టినట్టుంది నాన్నా" అంది. పక్కనున్న ముసలమ్మలు తలలూపారు. మేనమామల వంశంవాళ్ళు కూడా తలలూపారు. అప్పుడు మాత్రం నాకు నిజంగా ఏడుపొచ్చింది. పిన్నీసుల కోటుతోనే పని జరిగిపోయింది. మొదట్నుంచీ జరిగిపోయేదే. నా కోటు వాళ్ళకి అవసరం కాలేదు, అది నాదన్న సంగతే వాళ్ళకి ఓర్వలేనిది అయింది. కోడలు మామగారి కోసం అలా ఏడవడం చూసి అందరికీ తృప్తిగా అనిపించింది. మూత వేసి మేకులు కొట్టారు.

ఆదివారం డేగిసాలన్నీ తోమాక సొందాంగ్ ఇంటికి వెళ్ళాను. కోటు సరస్సు వైపు కిటికీకి వేలాడదీసి ఉంది, గాలికి ఊగుతోంది. కూర్చుని వెనక కుట్టు కుట్టాను. ఆ సెంగ్ వేసిన గీత మీదే, ఒక్క నూలుపోగు పక్కకి పోకుండా కుట్టాను. ఇస్త్రీ చేశాను. మందు వాసన కొంచెం మిగిలింది. ఉండనీ అనుకున్నాను. సిలాబన్‌కి కూడా అది తగలనీ.

సోమవారం ఉదయం బోనార్ కోటు వేసుకుని కాఫీ తాగుతున్నాడు. అధికారి పక్కన భర్త నిలబడాలి, ఫోటోలుంటాయి, అందుకని వస్తానన్నాడు. శనివారం వేసుకున్న కోటే, కుర్చీ మీద పారేసిన చోటు నుంచి తీసి తొడుక్కున్నాడు. అత్తయ్య ఎదురుగా కూర్చుని చుట్ట కాలుస్తోంది. టేబులు మీద రుమిందా వదిన కోటు మడిచి పెట్టి ఉంది, పైన కొత్త పిన్నీసుల అట్ట. వదిన ఎంతో ప్రేమగా పంపించిందట.

నేను గదిలోంచి బయటికి వచ్చాను. కుడి భుజం తన చోట తను కూర్చుంది.

ముందు అత్తయ్య చూసింది. చుట్ట చేతిలో ఆగిపోయింది. బోనార్ తల తిప్పి చూసి, కుర్చీలోంచి సగం లేచి, అలాగే ఉండిపోయాడు.

"ఆ కోటు..." అంది అత్తయ్య. "మరి ఆయన?"

"మామయ్య ఆయన కోటులో ఆయన ఉన్నారు."

"శవం మీది బట్ట విప్పావా? నీ చేతులు పడిపోనూ, శవం మీది బట్ట విప్పావా?"

"నా బట్ట విప్పుకున్నాను అత్తయ్యా. వేసేముందు నన్నెవరూ అడగలేదు. విప్పేముందు నేనూ ఆయన్ని అడగలేదు."

బోనార్ కాఫీ గ్లాసు టేబులు మీద పెట్టాడు. "ఊళ్ళో తెలిస్తే ఏమవుతుందో తెలుసా నీకు? మేనమామలవాళ్ళకి తెలిస్తే?"

"ఎముకలు తీసే పండగ రోజు ఎలాగూ తెలుస్తుంది," అన్నాను చెప్పులు వేసుకుంటూ. "వీపు కింద పిన్నీసులు దొరుకుతాయి. అవి నావి, తుడిచి నాకిచ్చెయ్యండి."

గుమ్మం దాటాక గుర్తొచ్చి వెనక్కి తిరిగాను. ఆయన ఇంకా సగం లేచే ఉన్నాడు, కాలరు మీద దున్నపోతు కొవ్వు మరక రెండు రోజులది, చుట్టూ దుమ్ము పట్టి పసుపు రంగుకి తిరిగింది.

"ఫోటోలకి వస్తానంటే ఆ మరక తీసుకుని రండి. బియ్యప్పిండి డబ్బా ఎక్కడుంటుందో వెతుక్కోండి" అన్నాను.